పాత ఆటపెట్టెను బాగుచేయుట

నేడు నేను ప్రసంగింపబోవు వస్తువు మీలో పెక్కుమందికి గిట్టనిది. 1990 తరువాతి పదియేండ్లలో మన పట్టణములయందు బస్సుస్టాండుల దగ్గరను, సినిమాహాళ్ల ప్రక్కలను వీడియో గేముల అంగళ్లు వెలసియుండెను. బీరువాయంత కొయ్యపెట్టె, దానికి ముఖమువలె ఒక గాజుతెర, తెరక్రింద ఒక పిడి, నాలుగైదు మీటలు, టోకెను వేయుటకు ఒక చీలిక. ఇది దాని రూపము. బడికని బయలుదేరిన బాలురు కొందఱు అచ్చట తేలుచుండెడివారు. బద్వేలులో ఉపాధ్యాయుడనైయున్న దినములలో నేనును ఆ గుమ్మమునుండి పిల్లలను చెవిపట్టి తెచ్చినవాడనే. అట్టి నేను ఉద్యోగవిరమణానంతరము అట్టి పెట్టె నొకదానిని ఇంటికి దెచ్చి, ఆఱు నెలలు దానితో కూర్చుండి, మరల నడిపించితినన్న మీకు నవ్వు రావచ్చును. నవ్వుడు, కాని దాని కడుపులో నేమున్నదో, ఏమియు తెలియనివాడు దానిని ఏ వరుసను పట్టుకొనవలెనో కొంచెము వినుడు.

ఈ యాటలకు పుట్టినిల్లు అమెరికా. 1972వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని సన్నీవేలు అను ఊర, ఒక సారాయంగడిలో అటారీ కంపెనీవారు ‘పాంగ్’ అను ఆటపెట్టెను నిలిపిరి. తెరపై ఒక చుక్క బంతివలె పోవుచుండ, రెండు గీతలు దానిని తిప్పికొట్టును. అంతియే ఆట. కొలది దినములకే పెట్టె చెడినదని కబురు వచ్చినది. దానిని నిర్మించిన ఆలన్ ఆల్కార్న్ పోయి తెఱచి చూడగా, యంత్రమున దోషమేమియు లేదు. నాణెముల డబ్బా నిండి పొర్లి, క్రొత్త నాణెమునకు చోటులేక ఆట నిలిచిపోయినదని చెప్పుదురు. చెడినదన్న యంత్రములో నిజముగా చెడిన భాగము తఱచు మిక్కిలి స్వల్పము. నా పెట్టెయందును నేను దీనినే కంటిని.

తరువాత జపానువారు ఈ విద్యయందు మించిరి. 1978లో నిషికాడో టోమోహిరో అను నాతడు ‘స్పేస్ ఇన్వేడర్స్’ అను ఆటను కల్పించెను. అందు శత్రువులు తగ్గినకొలది మిగిలినవారు వడివడిగా మీదికి వత్తురు. అది మొదట తలపెట్టిన తంత్రము కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గుటచే యంత్రమునకు భారము తగ్గి, వేగము దానంతట అదియే హెచ్చినది. బాగున్నదని ఆయన దానిని అట్లే యుంచెను. ఇక మన దేశమున ఎక్కువగా వ్యాపించిన ఆటలలో నొకటి 1993లో క్యాప్‌కామ్ కంపెనీవారు విడుదలచేసిన ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. ఆ పేరు మన కుఱ్ఱవాండ్ర నోట తిరుగలేదు. అందలి నలుగురు వీరులలో ఒకడైన ముస్తఫా పేరనే ఆట యంతయు వెలసినది. నా పెట్టెలోనిదియు ముస్తఫాయే.

అంగడి మూతబడిన పిమ్మట ఆ పెట్టె ఏండ్లతరబడి ఒక పశువుల కొట్టములో పడియుండెను. పాత ఇనుము కొనువాడు వచ్చి, పిక్చరు ట్యూబు మెడకు చుట్టియున్న రాగితీగకై దానిని పగులగొట్టుటకు సిద్ధపడిన దినముననే నేను అటు పోవుట తటస్థించినది. కొయ్య చెడిన మరల కోయించవచ్చును. తీగ తెగిన మరల లాగవచ్చును. పిక్చరు ట్యూబు అట్టిది కాదు. చదునైన తెరలు వచ్చిన పిదప వీనిని చేయు కార్ఖానాలు మూతబడినవి. ఉన్నవానిని కాపాడుకొనుటయే గాని క్రొత్తది దొరకుట దుర్లభము. అందుచేతనే ఇనుము వెలకంటె నాలుగు రూపాయలు హెచ్చుగా ఇచ్చి పెట్టెను బండిపై నెక్కించితిని.

ఇక దాని నిర్మాణము. మీరందఱు తోలుబొమ్మలాట చూచినవారే. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో నేటికిని ఆ బొమ్మలు చేయువారున్నారు. ఆటకు పందిరి, తెర, దీపము, చమురు, బొమ్మల నాడించువాడు కావలెను గదా. ఈ పెట్టెయు నట్టిదే. కొయ్యపెట్టె పందిరి. పిక్చరు ట్యూబు తెరయును దీపమును. కరెంటును సన్నపఱచి అందించు సప్లయి పెట్టె చమురు. సర్క్యూటు బోర్డు ఆటగాడు. ఈ నాలుగును నాలుగు వేఱు వేఱు వస్తువులని గ్రహించుటయే ఈ పనిలో సగము. పెట్టె నడువలేదని బెంగపడక, ఒక్కొక్కదానిని విడదీసి, ‘నీవు బాగున్నావా?’ అని విడివిడిగా అడుగవలెను.

మనకు సమీపముననున్న పోరుమామిళ్ల చెరువును త్రవ్వించిన భాస్కర భవదూరుడు, బుక్కరాయల కుమారుడు, 1369లో వేయించిన శాసనమునందు మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను చెప్పించియున్నాడు. గట్టు ఊరుట యొకటి, చవుటినేల యొకటి, ఇట్లు లెక్కపెట్టి చెప్పినాడు. చెరువు చెడినదని ఊరక అనుట కాక, ఏ దోషముచే చెడినదో పేరు పెట్టుట ఆయన పద్ధతి. ఆరువందల యేండ్ల పైబడిన ఆ పద్ధతియే నాకు దారి చూపినది.

మొదటి నియమము: తెచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టరాదు. ఏండ్లు మూలబడిన యంత్రములోనికి ఒక్కమారుగా 230 వోల్టుల కరెంటు విడిచినచో, అంతవఱకు బాగున్న భాగములుకూడ కాలిపోవచ్చును. ముందు వెనుకతలుపు తీసి, పగటివెలుతురున చూడవలెను. నా పెట్టెలో మన సీమ ఎఱ్ఱదుమ్ము వ్రేలిమందమున పేరుకొనియుండెను. ఎలుకలు రెండు తీగలను కొఱికియుండెను. అడుగుపలక చెదలు తినెను. దుమ్మును మెత్తని కుంచెతో ఊడ్చి, పలకకు బదులు వేపపలక వేయించితిని. చెదలు వేపను అంతగా ముట్టదు.

ఇక ట్యూబు. దాని మెడలో ఒక తంతువు కాగి, ఎలక్ట్రానులను వెలువరించును. ఇరువదివేలకు పైబడిన వోల్టుల యొత్తిడి వానిని తెరవైపునకు లాగును. తెర లోపల పూసిన మందు వాని తాకిడికి వెలుగును. మెడచుట్టునున్న రాగిచుట్టలు ఆ ధారను ఎడమనుండి కుడికి, ఒక సాలు ముగిసిన వెంటనే దాని క్రింద మఱియొక సాలు, దుక్కి దున్నినట్లు నడిపించును. సెకండునకు సుమారు 15,700 సాళ్లు. వానితో సెకండునకు దాదాపు 60 మారులు తెర యంతయు దున్నబడును. మన కన్ను ఆ వేగమును పట్టజాలక, నిలుకడైన బొమ్మగా చూచును.

ఈ ట్యూబు కరెంటు తీసివేసిన పిమ్మటను తనలో విద్యుత్తును నిలువయుంచుకొనును. ఈ భాగమును నేను స్వయముగ ముట్టలేదు. మీలో ఎవరును ముట్టవలదు. మా ఊర ముప్పదియేండ్లు టీ.వీ.లు బాగుచేసి, ఇప్పుడు పని లేక అంగడి మూసికొన్న మెకానిక్కు నొకనిని పిలిపించితిని. ఆతడు చూచి, “అయ్యవారూ, ప్లగ్గు పీకినంత మాత్రాన దీని ఇసము పోదు. దినాలకు దినాలు అట్లే పట్టుకోని ఉంటాది. చెయ్యి పెడితే ఎగరగొడతాది” అని చెప్పి, తన ఉపకరణముతో ఆ నిలువను నేలకు దింపెను. చిటుక్కుమను శబ్దము కొట్టమంతయు వినబడినది. పైగా ట్యూబు లోపల గాలి లేదు. మెడ తగిలి పగిలినచో గాజుముక్కలు తుపాకిగుండ్లవలె చిమ్మును. ఎత్తునపుడు మెడ పట్టరాదు.

పిదప సప్లయి పెట్టెను మాత్రము వేఱుచేసి, నూఱు వాట్ల పాతరకపు బల్బును దారిలో జతచేసి కరెంటు ఇచ్చితిమి. లోపల ఎక్కడనైన తీగలు కలిసిపోయి యున్నచో బల్బు నిండుగా వెలిగి, తాను ఆ దెబ్బను కాచుకొనును. మన ఎలక్ట్రీషియనులు దీనిని సీరీసు బల్బు అందురు. వెలుతురు క్షణకాలము మెఱసి మందగించినది, మంచి గుఱుతు. అటుపై బల్బును తొలగించి మల్టీమీటరు పెట్టి చూడగా, బోర్డునకు 5 వోల్టులు అందవలసినచోట 4.3 మాత్రమే వచ్చుచుండెను. ఇంత కొద్ది తేడాకే ఆట మొదలై మొదలై ఆగిపోవుచుండును. చూచువారు బోర్డు చచ్చినదని పాఱవేయుదురు. కారణము కండెన్సర్లు. ఇవి విద్యుత్తునకు చిన్న తొట్లవంటివి. లోపలి ద్రవము వేడికి ఇంకిపోగా నిలువ తగ్గును. మన యెండలకు త్వరగా ఇంకును. వాని నెత్తులు ఉబ్బియుండుట కంటికే కనబడును. కడపనుండి క్రొత్తవి తెప్పించి, గుఱుతు చూచుకొని, కూడు వైపు తీసివేత వైపు తాఱుమాఱు కాకుండ అదికించితిని. ఐదు వోల్టులు నిలిచినవి.

బోర్డును గూర్చి చెప్పుటకు కొంచెమే కలదు. 1985లో జపానువారు ‘జామా’ అను కట్టుబాటు చేసిరి. దాని ప్రకారము బోర్డు అంచున 56 లోహపు పలుకులు, ఇరుప్రక్కల ఇరువదియెనిమిది చొప్పున, ఒకే వరుసను ఉండును. కావున ఒక బోర్డు తీసి వేఱొకటి పెట్టిన ఆట మారును, పెట్టె మారనక్కఱలేదు. నా బోర్డు పలుకులు నల్లబడియుండ, బడిపిల్లల రబ్బరుతో రుద్దితిని. మెఱసినవి. అంతకు మించిన చికిత్స దానికి అవసరము పడలేదు. ఈ ఆట అసలు బోర్డులలో ఒక చిన్న బ్యాటరీ యుండును. అది క్షీణించినచో ధ్వనిభాగపు రహస్యలిపికి తాళపుచెవి చెఱిగిపోయి, శబ్దము మూగవోవును. తరువాతి కాలమున ఔత్సాహికులు దానిని మరల ఎక్కించు ఉపాయమును కనుగొనిరి. నాది నకలు బోర్డు గనుక ఆ చిక్కు లేదు. నకలు చేయుట ధర్మము కాదు; అయినను మన ఊళ్లకు ఎక్కువగా వచ్చినవి అవియే.

అన్నియు జతచేసి కరెంటు ఇచ్చినప్పుడు శబ్దము వచ్చినది. తెరమీద మాత్రము నడుమ అడ్డముగా ఒక్క తెల్లని గీత! సాళ్లన్నియు ఒకే సాలులో పడుచున్నవన్నమాట. మెకానిక్కు వెంటనే ఆర్పించెను. అట్టి గీత నిలిచినచో తెరమందు అచ్చోట మాడిపోవునట. పైనుండి క్రిందికి నడుపు భాగమున, సీసపు అతుకు చుట్టు వెండ్రుకవంటి చీలిక యొకటి భూతద్దములో కనబడినది. ఏండ్ల వేడి చలువలకు అతుకులు ఇట్లు విడివడును. కాకతో దానిని కరిగించి మరల పోసెను. రెండు నిమిషముల పని. ముస్తఫా నిండుతెరపై నిలిచినాడు.

ఆ చీలికను వెదకిన కన్ను ఏ పుస్తకములోను దొరకదు. ట్యూబు ఎఱిగిన మెకానిక్కులు మన తాలూకాలలో నేటికిని కొందఱున్నారు, వయసు మీఱుచున్నారు, పని రానందున పనిముట్లు అమ్ముకొనుచున్నారు. మా పెట్టె బాగగుచున్న దినములలో ఇంటర్మీడియటు చదువు ఇద్దఱు పిల్లలు ఆతని ప్రక్కన కూర్చుండి అతుకు వేయుట నేర్చిరి. ఒకనాడు నేను ఏ ఆటపెట్టెనుండి పిల్లలను ఈడ్చుకొని వచ్చితినో, అదే పెట్టె వెనుకవైపున పిల్లలను నేనే కూర్చుండబెట్టితిని. ముందువైపు కంటె వెనుకవైపు మేలని నా యభిప్రాయము. మీ ఊర అట్టి మెకానిక్కు ఉన్నచో, ఒక పాత టీ.వీ.నిచ్చి ఇద్దఱు పిల్లలను ఆతని యొద్దకు ఈ వేసవిలోనే పంపుడు.

పెట్టెను ఇప్పుడు ఆదివారము ఒక గంట మాత్రము నడుపుచున్నాము. కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజరు పెట్టితిని. ఉఱుము వినబడిన ప్లగ్గు తీసివేయుదుము. వెనుకతలుపునకు తాళము, తాళపుచెవి నా మొలత్రాటికి. టోకెను చీలికకు పాత టోకెనులే కావలెను. మా యొద్ద పదునొకండున్నవి. ఆట ముగియగానే పిల్లలు వానిని లెక్కపెట్టి డబ్బాలో వేయుదురు.