ఫాల్స్ సీలింగ్‌కి ఎన్ని లైట్లు కావాలి?

వెంకటాచలంలోని మా పాత ఇంటికి ఫాల్స్ సీలింగ్ వేయించాలనుకున్నాం. హాల్లో 12, వంటింట్లో 4 లైట్లని నేను ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసి చూపించా. అమ్మ ఒక్కటే అడిగింది: ‘‘అబ్బయ్యా, కూరగాయలు తరిగేటప్పుడు నా నీడ కత్తిపీట మీద పడదు కదా?’’

నా దగ్గర జవాబు లేదు. నేను సీలింగ్ అందమే చూశా, కింద ఎవరు ఏం చేస్తారో చూడలేదు. మళ్లీ లెక్కేశా.

లైటు మన వెనక ఉంటే మన నీడే పని మీద పడుతుంది. అందుకే వంటింట్లో లైట్లు మధ్యలో కాకుండా, వంటగట్టుకు నేరుగా పైన ఉండాలి. ఫ్యాను రెక్కల పైన అసలు వద్దు. రెక్కలు అడ్డొస్తూ వెలుగు మినుకుమంటూ కళ్లు లాగుతాయి. లైట్ల మధ్య దూరం సీలింగ్ ఎత్తులో దాదాపు సగం, గోడ నుంచి అందులో సగం చాలు. ఆ లెక్కన 10x14 అడుగుల మా హాలుకు 6 లైట్లు సరిపోయాయి.

కొనేటప్పుడు వాట్లకన్నా ల్యూమెన్లు చూడండి. పడగ్గదికి 3000 కెల్విన్ పసుపు వెలుగు, వంటింటికి 4000 బాగుంటాయి. సీఆర్ఐ 90 ఉంటే కూరగాయల రంగు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. డ్రైవర్ విడిగా మార్చుకునే వీలుండాలి. డబ్బా మీద బీఐఎస్ గుర్తు మరవొద్దు.

రంధ్రాలు కోసే ముందు, ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎక్కడ నిలబడి పనిచేస్తారో ఓసారి అడగండి. కోశాక పూడ్చడం కష్టం.