కార్బన్ తటస్థ కాలనీ ఎలా సాధ్యం? జర్మనీలోని వోబాన్ చెప్పే పాఠం

ఇంటి మీద సౌర ఫలకాలు బిగించి, వీధిలో నాలుగు మొక్కలు నాటితే కాలనీ పర్యావరణ హితమైపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి ఆఖరి మెట్లు. ఒక కాలనీ వాతావరణంలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఎంతన్నది రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఒకటి, ఇళ్లను వెచ్చగానో చల్లగానో ఉంచడానికి అయ్యే శక్తి. రెండు, గడప దాటాక చేసే ప్రయాణాలు. ఈ రెండింటినీ ముందే లెక్కలోకి తీసుకుని కట్టిన కాలనీ దక్షిణ జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో ఉంది. దాని పేరు వోబాన్.

సైనిక స్థావరం నుంచి నివాస ప్రాంతంగా

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడ ఫ్రెంచి సైనిక స్థావరం ఉండేది. 1992లో సైన్యం ఖాళీ చేసి వెళ్లాక ఆ స్థలంలో కొత్త కాలనీ నిర్మించాలని నగర పాలక సంస్థ నిర్ణయించింది. 1970లలో సమీపంలోని వీల్ గ్రామం దగ్గర తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రాన్ని అడ్డుకున్న ఉద్యమ వారసత్వం ఫ్రైబర్గ్‌ది. అందుకే ప్రణాళిక దశ నుంచే పౌరుల సంఘం చురుగ్గా పాల్గొంది. కొన్ని కుటుంబాలు బృందంగా ఏర్పడి, స్థలం కొని, తమ భవనాన్ని తామే రూపొందించుకునే పద్ధతి అక్కడ బాగా విస్తరించింది. నేడు అక్కడ సుమారు 5,500 మంది నివసిస్తున్నారు.

ముందు పొదుపు, తర్వాత ఉత్పత్తి

జర్మనీలో ఇంటి శక్తి ఖర్చులో పెద్ద వాటా చలికాలంలో గదులు వేడి చేయడానికే పోతుంది. మరమ్మతు చేయని పాత ఇళ్లకు చదరపు మీటరుకు ఏడాదికి 200 యూనిట్లకు పైగా అవసరమవుతుంది. వోబాన్‌లో కట్టే ప్రతి ఇంటికీ 65 యూనిట్ల పరిమితి విధించారు. కొన్ని భవనాలు ఇంకా ముందుకు వెళ్లి 15 యూనిట్ల 'పాసివ్ హౌస్' ప్రమాణాన్ని అందుకున్నాయి. ఒక లీటరు చమురులో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే 100 చదరపు మీటర్ల ఇల్లు ఏడాదంతా 150 లీటర్ల చమురుకు సమానమైన శక్తితో గడిచిపోతుంది.

ఇందులో రహస్యమేమీ లేదు. గోడలకు మందపాటి ఉష్ణ నిరోధక పొర, మూడు అద్దాల కిటికీలు ఉంటాయి. బయటకు పోయే గాలిలోని వేడిని లోపలికి వచ్చే గాలికి బదిలీ చేసే పరికరం ఉంటుంది. ఇలా అవసరం తగ్గాక మిగిలిన కొద్దిపాటి వేడిని, విద్యుత్తును అందించడానికి చెక్క ముక్కలతో నడిచే కేంద్రాన్ని నిర్మించారు. మామూలు థర్మల్ కేంద్రంలో ఇంధన శక్తిలో సగానికి పైగా వృథా వేడిగా పోతుంది. ఇక్కడ ఆ వేడినే వేడినీటి రూపంలో గొట్టాల ద్వారా ఇళ్లకు పంపుతారు.

ఆర్కిటెక్ట్ రోల్ఫ్ డిష్ రూపొందించిన 'సౌర నివాస సముదాయం'లోని 59 ఇళ్లు మరో అడుగు ముందుకు వేశాయి. ఏడాది మొత్తం మీద అవి వాడుకునే దానికంటే ఎక్కువ శక్తిని ఉత్పత్తి చేసేలా నిర్మించారు.

కారు నిలిపే చోటే కీలకం

వోబాన్‌లో కార్లను నిషేధించలేదు. వాటిని నిలిపే చోటు మాత్రం మార్చారు. చాలా వీధుల్లో ఇంటి ముందు పార్కింగ్ ఉండదు. కారు కావాలనుకున్న వారు కాలనీ అంచున ఉన్న బహుళ అంతస్తుల పార్కింగ్‌లో వేల యూరోలు పెట్టి చోటు కొనుక్కోవాలి. 2006లో ట్రామ్ కాలనీలోకి వచ్చింది. ఇంటి నుంచి కారు దగ్గరికి నడవాల్సిన దూరం, ట్రామ్ స్టాపుకు నడవాల్సిన దూరం దాదాపు ఒకటే అయినప్పుడు కారుకున్న సౌలభ్యం తగ్గిపోతుంది. దుకాణాలు, బడి నడక దూరంలోనే ఉండటంతో ఎన్నో కుటుంబాలు సొంత కారు లేకుండానే గడుపుతున్నాయి.

మన ఎండలకు మన లెక్క

వోబాన్‌ను ఉన్నదున్నట్టు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దించలేం. వారి సమస్య చలి, మనది వేడి. మే రెండో వారంలో మధ్యాహ్నం వేళ సూర్యుడు హైదరాబాద్‌కు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కాబట్టి ఎక్కువ ఎండ తగిలేది గోడలకు కాదు, పైకప్పుకు. అది రాత్రి పొద్దుపోయేదాకా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేస్తే లోపలి ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

ఈ ఉద్దేశంతోనే తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల పైకప్పు విధానాన్ని ప్రకటించింది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లబరచడం దాని లక్ష్యం. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఇళ్లకు అది ఐచ్ఛికం. కానీ ఎండ దెబ్బ ఎక్కువగా తగిలేది రేకుల కప్పుల కింద నివసించే వారికే. పైగా ఏసీ ఉన్న ఇల్లు తన వేడిని వీధిలోకి నెడుతుంది. ఏసీ లేని పొరుగింటివారు దాన్ని భరించాలి. చల్లదనం అందరికీ అందితేనే కాలనీ మారినట్టు.

పొదుపు ఎందుకు ముందు రావాలో చిన్న లెక్క చెబుతుంది. మూడు కిలోవాట్ల సౌర ఫలకాలు మన దగ్గర రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. వాటికి కేంద్ర పథకం కింద 78,000 రూపాయల వరకు రాయితీ కూడా ఉంది. అయితే ఒకటిన్నర టన్నుల ఏసీ ఎనిమిది గంటలు నడిస్తే 8 నుంచి 12 యూనిట్లు అవుతుంది. అదీ సూర్యుడు లేని రాత్రి వేళ. పైకప్పు చల్లబడి, కిటికీలకు నీడ అమరి, ఏసీ నాలుగు గంటలతో సరిపోతే అవే ఫలకాలు ఇంట్లోని మిగతా అవసరాలకూ చాలినంత ఇస్తాయి.

వోబాన్ కూడా పూర్తిగా కార్బన్ తటస్థం కాదు. అక్కడివారి ఆహారం, విమాన ప్రయాణాలు, ఇళ్లు కట్టిన సిమెంటు, ఉక్కు ఉద్గారాలు మిగిలే ఉన్నాయి. పైగా అది ఖాళీ స్థలంలో కొత్తగా కట్టింది. మన కాలనీలు ఇప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. అయినా అది పాటించిన వరుస ఎక్కడైనా చెల్లుతుంది. మొదట అవసరం తగ్గించుకోవాలి, తర్వాత పరికరాల సామర్థ్యం పెంచుకోవాలి, ఆపై స్వచ్ఛ శక్తిని సమకూర్చుకోవాలి. మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉంటే చాలదు, అక్కడికి వెళ్లే దారిలో నీడ, కాలిబాట కూడా ఉండాలి. ఒక ఇల్లు తన పైకప్పుకు తెల్ల పూత వేసుకోగలదు. ఆ దారిని మాత్రం కాలనీ అంతా కలిసి అడిగి సాధించుకోవాల్సిందే.