రెండో గీతను ఎంతవరకు నమ్మొచ్చు?

మలేరియా ర్యాపిడ్ టెస్టుకు మైక్రోస్కోపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. వేలి కొసన గుచ్చి తీసిన చుక్క రక్తం, కొంచెం ద్రావణం, పదిహేను ఇరవై నిమిషాల సమయం చాలు. పరాన్నజీవి రక్తంలోకి వదిలే ప్రొటీన్లను పట్టీ మీది యాంటీబాడీలు పట్టుకుంటే కంట్రోల్ గీత పక్కన మరో గీత తేలుతుంది. వీటిలో హెచ్‌ఆర్‌పీ-2 ఫాల్సిపారమ్ అనే మలేరియా పరాన్నజీవి జాతి తయారుచేసేది. ఎల్‌డీహెచ్ వైవాక్స్ సహా అన్ని జాతుల్లోనూ ఉంటుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గూడేల్లో చలిజ్వరం వచ్చినవారికి ఆశా కార్యకర్త ఇంటి ముంగిటే పరీక్ష చేయగలుగుతోందంటే ఈ కిట్టు వల్లే. మలేరియా అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ మందిచ్చే ముందు పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫార్సు చేశాక వీటి వాడకం బాగా పెరిగింది.

కిట్టు నాణ్యతను ముందుగా ప్రయోగశాలలో తేలుస్తారు. 2008 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, వ్యాధి నిర్ధారణ పరీక్షలపై పనిచేసే ఫైండ్ సంస్థ కలిసి మార్కెట్లోని కిట్లను ఒకే కొలమానంతో పోల్చాయి. మైక్రోలీటరు రక్తంలో 200 పరాన్నజీవులు ఉండేలా సిద్ధం చేసిన నమూనాలపై రెండు వేర్వేరు లాట్ల కిట్లను వాడారు. అన్నీ పాజిటివ్ చూపితేనే ఆ నమూనాను పట్టినట్టు లెక్క. కొనుగోలుకు అర్హత రావాలంటే కనీసం 75 శాతం నమూనాలు ఇలా పట్టుబడాలి. తప్పుడు పాజిటివ్‌లు 10 శాతంలోపే ఉండాలి. ఈ 75ను చూసి, నూరుమంది రోగుల్లో పాతికమందిని కిట్టు వదిలేస్తుందనుకోవడం పొరపాటు. జ్వరంతో వచ్చేవారిలో చాలామంది రక్తంలో పరాన్నజీవులు 200 కన్నా ఎంతో ఎక్కువే ఉంటాయి.

అసలు చిక్కంతా ఊళ్లోకి వెళ్లాకే. కిట్టు చెప్పింది నిజమో కాదో దేనితో పోల్చి తేల్చాలి? రద్దీలో హడావుడిగా మైక్రోస్కోపు కింద చూసిన స్లైడే ప్రమాణమైతే, స్లైడ్ పొరపాటు కూడా కిట్టు ఖాతాలోనే పడుతుంది. పరాన్నజీవి డీఎన్‌ఏను వెతికే పీసీఆర్‌ను ప్రమాణంగా పెట్టుకుంటే, జ్వరమే లేనివారిలోని అతి స్వల్ప ఇన్ఫెక్షన్లు కూడా లెక్కలోకి వచ్చి కిట్టు అసమర్థంగా కనిపిస్తుంది. పైగా జబ్బు నయమైనా హెచ్‌ఆర్‌పీ-2 కొన్ని వారాలపాటు రక్తంలోనే ఉండిపోతుంది. నెల కిందట మందు మింగిన పిల్లాడికి ఇవాళ వైరల్ జ్వరం వస్తే మళ్లీ రెండో గీత రావచ్చు.

జబ్బు వ్యాప్తిని బట్టి కూడా గీత విలువ మారుతుంది. సున్నితత్వం (జబ్బున్నవారిని పట్టడం), నిర్దిష్టత (జబ్బు లేనివారికి నెగెటివ్ చూపడం) రెండూ 95 శాతం ఉన్న కిట్టుతో వెయ్యిమందిని పరీక్షించారనుకుందాం. వారిలో 200 మందికి మలేరియా ఉంటే 230 పాజిటివ్‌లలో 190 నిజమైనవి. పదిమందికే ఉంటే దాదాపు 60 పాజిటివ్‌లు వస్తాయి, అందులో 50 తప్పు. కిట్టు అదే, లెక్క మాత్రం తలకిందులైంది. మలేరియా తగ్గుముఖం పట్టిన జిల్లాలో పాత అంచనాలు పనికిరావు.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది పరాన్నజీవిలోని జన్యు లోపం. హెచ్‌ఆర్‌పీ-2 జన్యువే లేని ఫాల్సిపారమ్ పెరూ అమెజాన్ ప్రాంతంలో ఉందని 2010లో వెల్లడైంది. తర్వాత ఎరిత్రియాలో అది ఎంతగా ప్రబలిందంటే అక్కడ కిట్ల రకాన్నే మార్చాల్సి వచ్చింది. ఈ లోపం వల్ల తప్పుడు నెగెటివ్‌లు 5 శాతం దాటితే ఆ ప్రొటీన్ మీదే ఆధారపడని కిట్లకు మారాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మూల్యాంకనంలో పాజిటివ్ వచ్చినవారి రక్తాన్నే మళ్లీ చూస్తే ఈ లోపం ఎన్నటికీ బయటపడదు.

ఎండా తేమా సరేసరి. రేకుల ఇంట్లో అట్టపెట్టెలో నెలల తరబడి మగ్గిన కిట్టు, ప్రయోగశాలలో మార్కులు తెచ్చుకున్న కిట్టుతో సమానం కాదు. అందుకే గూడెం నుంచే కొన్ని కిట్లను వెనక్కి తెప్పించి పరీక్షించాలి. ఆరోగ్య కార్యకర్త పరీక్ష చేసే తీరును పక్కన నిలబడి చూడాలి. చదవాల్సిన సమయం దాటాక చూస్తే లేని గీత కనబడవచ్చు, మసక గీతను లేదనుకునే ప్రమాదమూ ఉంది.

నెగెటివ్ వచ్చినవారికి ఏ మందిచ్చారన్నదీ నమోదు చేయాల్సిందే. ఆఫ్రికాలో, అఫ్గానిస్తాన్‌లో జరిగిన అధ్యయనాల్లో కిట్లు వచ్చాక మలేరియా మందుల వాడకం తగ్గినా, చాలాచోట్ల యాంటీబయాటిక్స్ వాడకం పెరిగింది.