డా నాంగ్ తీరం నుంచి చింతలనార్ రోడ్డు దాకా: యుద్ధభూమి విహారస్థలం కావాలంటే

నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. హనోయ్‌లో దిగి, డా నాంగ్ సముద్రతీరంలో రెండు రోజులు గడిపి, హోయ్ ఆన్ పాత వీధుల్లో లాంతర్ల వెలుగులో ఫొటోలు దిగి తిరుగు ప్రయాణం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలలోని ట్రావెల్ ఏజెన్సీలు ఇప్పుడు బాగా అమ్ముతున్న ప్యాకేజీల్లో ఇదొకటి. 2023 ఆగస్టు నుంచి వియత్నాం 90 రోజుల ఈ-వీసా ఇస్తోంది. 2025లో హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు కూడా మొదలయ్యాయి. 2019లో ఆ దేశానికి వెళ్లిన భారతీయులు దాదాపు లక్షా 70 వేల మంది. 2024 నాటికి ఆ సంఖ్య ఐదు లక్షలకు చేరింది.

యాభై ఏళ్ల కింద తెలుగు యువతకు వియత్నాం అంటే విహారం కాదు. అదొక నినాదం, గోడ మీది రాత. అమెరికా బాంబులకు ఎదురునిలిచిన రైతుల దేశం. నాటి నినాదం నేడు టూర్ ప్యాకేజీ అయిందని కొందరు నిట్టూర్చవచ్చు. కానీ యుద్ధంలో కాలిన ఊరికి పిల్లాపాపలతో జనం విహారానికి వెళ్లగలగడం చిన్న విషయమేమీ కాదు. అది ఎలా సాధ్యమైంది? దానికి ఏం చేశారు, ఏం వదిలేశారు? తెలుగువాళ్లకు ఈ ప్రశ్నలు ఇప్పుడు బాగా దగ్గరివి. భద్రాచలం దాటి, కుంట మీదుగా దోర్నపాల్ చేరితే, అక్కడి నుంచి జగర్‌గుండా వైపు వెళ్లే రోడ్డు మీద చింతలనార్ అనే ఊరుంది. దాని పేరు బయటి ప్రపంచానికి యుద్ధ వార్తల్లోనే తెలుసు. ఆ యుద్ధం ముగింపుకు వచ్చిందని ప్రభుత్వం చెబుతోంది. బస్తర్‌ను పర్యాటక కేంద్రం చేస్తామనీ అంటోంది.

ఆ ఇసుక మీద దిగిన సైన్యం

1965 మార్చి 8న అమెరికా మెరైన్లు, దాదాపు 3,500 మంది, దిగింది డా నాంగ్ తీరంలోనే. వియత్నాంలో అమెరికా నేల మీది యుద్ధం అక్కడి నుంచే విస్తరించింది. డా నాంగ్ విమానాశ్రయం ఆ యుద్ధంలో అత్యంత రద్దీగా ఉండే వైమానిక స్థావరాల్లో ఒకటి. ఇవాళ రిసార్టులు బారులు తీరిన మీ ఖే బీచ్‌లో అప్పుడు సేద తీరింది యుద్ధం మధ్యలో సెలవు దొరికిన అమెరికా సైనికులే. ఆ తీరాన్ని వాళ్లు చైనా బీచ్ అని పిలుచుకున్నారు. అంటే డా నాంగ్ విహారస్థలం కావడం యుద్ధం తర్వాత మొదలైంది కాదు, యుద్ధంలోనే మొదలైంది. మారింది ఎవరి విహారం అన్నదే.

1975 మార్చి 29న డా నాంగ్ విముక్తి సేనల చేతికి వచ్చింది. వెంటనే పర్యాటకులేమీ రాలేదు. పేదరికం, అమెరికా ఆంక్షలు, మరో రెండు సరిహద్దు యుద్ధాలతో పదేళ్లకు పైగా గడిచాయి. 1986లో వియత్నాం ‘దోయ్ మోయ్’ పేరుతో ఆర్థిక విధానం మార్చుకుంది. 1994లో అమెరికా ఆంక్షలు ఎత్తేసింది. 1995లో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1999లో హోయ్ ఆన్ పట్టణం, మీ సన్ ఆలయాలు రెండూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చంపా రాజుల శివాలయాలున్న మీ సన్‌ను 1969లో అమెరికా బాంబులు ధ్వంసం చేశాయి. అక్కడి ఆలయాల్లో కొన్నిటిని ఇటీవల పునరుద్ధరించింది మన భారత పురావస్తు శాఖే. 2020లో ఆ పనుల్లోనే తొమ్మిదో శతాబ్దపు ఇసుకరాతి శివలింగం బయటపడింది.

మట్టిని కడగడానికి 43 ఏళ్లు

పర్యాటకుడు విమానం దిగే డా నాంగ్ విమానాశ్రయం చాలాకాలం విషపు నేల. అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ పీపాలను నిలవ చేసి, విమానాల్లోకి నింపిన ప్రధాన స్థావరాల్లో అదొకటి. ఒలికిన రసాయనంలోని డయాక్సిన్ మట్టిలోకి, పక్కనున్న చెరువుల్లోకి ఇంకింది. ఆ చెరువుల చేపలు తిన్నవాళ్ల ఒంట్లోకీ చేరింది.

శుద్ధి పని 2012లో మొదలైంది. వియత్నాం, అమెరికా ప్రభుత్వాలు కలిసి చేశాయి. కలుషితమైన మట్టిని తవ్వి, పెద్ద కాంక్రీటు గదిలో పోసి, 335 డిగ్రీలకు పైగా వేడి చేశారు. ఆ వేడికి డయాక్సిన్ విచ్ఛిన్నమవుతుంది. అలా సుమారు 90 వేల ఘనపు మీటర్ల మట్టిని శుద్ధి చేసి, 2018 నవంబరులో పని ముగించారు. ఖర్చు సుమారు 11 కోట్ల డాలర్లు. తుపాకులు ఆగిన 43 ఏళ్లకు ఒక్క విమానాశ్రయపు మట్టి బాగుపడింది. డా నాంగ్‌కు ఉత్తరాన ఉన్న క్వాంగ్ చీ రాష్ట్రంలో పొలాల్లో పేలని బాంబులను ఇప్పటికీ వెతికి తీస్తున్నారు. 1975 తర్వాత అలాంటి పేలుళ్లలో దేశమంతటా దాదాపు 40 వేల మంది చనిపోయారని వియత్నాం ప్రభుత్వ లెక్క.

యుద్ధం ముగిసిందన్న ప్రకటనతోనే యుద్ధం ముగిసిపోదని ఈ లెక్క చెబుతోంది. నేలలో దిగింది నేలలోనే ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు బాధ్యతగా తీసేదాకా తన పని తాను చేస్తూనే ఉంటుంది.

పేర్లు చెక్కిన గోడ

డా నాంగ్ నుంచి దక్షిణంగా మూడు గంటల ప్రయాణంలో సన్ మీ ఉంది. ప్రపంచానికి తెలిసిన పేరు మై లై. 1968 మార్చి 16న అమెరికా సైనికులు అక్కడ ఊరివాళ్లను చంపారు. వియత్నాం లెక్క ప్రకారం మృతులు 504 మంది. ఆ స్థలంలో ఇప్పుడు స్మారక కేంద్రం, మ్యూజియం ఉన్నాయి. చనిపోయిన వాళ్ల పేర్లు, వయసులు గోడ మీద చెక్కారు. కాలిన ఇళ్ల పునాదులను అలాగే ఉంచారు. వియత్నాం వెళ్లే అమెరికన్లలో చాలామంది, వాళ్లలో మాజీ సైనికులు కూడా, అక్కడికి వెళ్లి నిలబడతారు. బీచ్‌కూ స్మారకానికీ ఒకే ప్రయాణంలో చోటుంది.

అయితే వియత్నాం జ్ఞాపకం కూడా సంపూర్ణం కాదు. గెలిచిన పక్షం మృతులకే స్మారకాలు దక్కాయి. ఓడిన దక్షిణ సైన్యపు సమాధులు చాలాకాలం నిర్లక్ష్యానికి గురయ్యాయి. పడవలెక్కి పారిపోయిన లక్షల మంది కథ మ్యూజియాల్లో కనపడదు.

తీరం ఎవరిది?

డా నాంగ్ కథలో అన్నిటికంటే బలహీనమైన అధ్యాయం ఇదే. వియత్నాంలో భూమి సమస్త ప్రజలది, నిర్వహణ ప్రభుత్వానిది. వినడానికి బాగుంటుంది. ఆచరణలో మాత్రం ప్రభుత్వం భూమి తీసుకోవాలనుకుంటే రైతు చేతిలో ఉండేది నష్టపరిహారం బేరమే. 2010లో డా నాంగ్ శివారులోని కాన్ జౌ గ్రామస్థులు పర్యాటక నివాసాల ప్రాజెక్టుకు తమ ఊరు ఇవ్వబోమని ఎదురుతిరిగారు. ఒక వృద్ధురాలి అంత్యక్రియల వేళ పోలీసులతో ఘర్షణ జరిగి, పలువురు అరెస్టయ్యారు. సముద్రం ఒడ్డున రిసార్టులు వరసగా వచ్చాక, తరతరాలుగా అక్కడ వలలు లాగిన వాళ్లకు నీటి దగ్గరకు దారే లేకుండా పోయింది. స్థానికులు గొడవ చేస్తే నగర పాలకులు కొన్నిచోట్ల దారులు తెరిపిస్తామని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2017లో సన్ చా కొండ మీద అనుమతి లేకుండా వేసిన 40 విల్లాల పునాదులు బయటపడి పెద్ద వివాదమైంది. అరుదైన లంగూర్ కోతులు ఉండే అడవి అది.

హోయ్ ఆన్ దగ్గర కొబ్బరి మడుగుల్లో పర్యాటకులను గుండ్రటి వెదురు పడవలో తిప్పుతారు. మన కృష్ణా, తుంగభద్రల్లో పుట్టి లాంటిదే. నడిపేవాళ్లు ఒకప్పటి జాలర్లు, వాళ్ల పిల్లలు. వాళ్లకు ఆదాయం పెరిగిందన్నది నిజం. వేట సాధనం వినోద సాధనమైందన్నదీ నిజమే. ఆ పడవ ఎవరిది, ఆ నీటి మీద హక్కు ఎవరిది అన్నదాన్ని బట్టి అది బతుకుదెరువో పరాధీనతో తేలుతుంది.

చింతలనార్: వార్తలకు ముందు, తర్వాత

చింతలనార్ పేరులోనే తెలుగు చింతచెట్టు వినపడుతుంది. ‘నార్’ అంటే గోండీ, కోయ భాషల్లో ఊరు. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలోని జమీందారీల్లో ఇదొకటి. ఇవాళ సుక్మా జిల్లా కుంట బ్లాకులో ఉంది. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు తెచ్చి అమ్ముకునే కోయలు ఎరిగిన సంతలు తెలుగు నేల మీదా ఉన్నాయి.

2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఆ జీవితం తలకిందులైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని దోర్నపాల్ వంటి శిబిరాలకు తరలించారు. వేలాది మంది నదులు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి తలదాచుకున్నారు. తెలంగాణలో గుత్తికోయలని పిలిచే వాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే. 2010 ఏప్రిల్ 6న చింతలనార్ సమీపంలోని తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 76 మంది జవాన్లు చనిపోయారు. మరుసటి ఏడాది మార్చిలో భద్రతా దళాల ఆపరేషన్‌లో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడిమెట్ల గ్రామాలు తగలబడ్డాయి. హత్యలు, అత్యాచారాలు జరిగాయని గ్రామస్థులు చెప్పారు. సహాయ సామగ్రితో బయల్దేరిన స్వామి అగ్నివేశ్‌పై దోర్నపాల్‌లో దాడి జరిగింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు స్పెషల్ పోలీసు అధికారుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి, ఈ ఘటనలపై సీబీఐ విచారణకు ఆదేశించింది. సీబీఐ 2016లో అభియోగపత్రాలు దాఖలు చేసింది.

2017 ఏప్రిల్ 24న ఇదే రోడ్డు మీద బుర్కాపాల్ దగ్గర రోడ్డు పనులకు కాపలా ఉన్న 25 మంది జవాన్లు మావోయిస్టుల దాడిలో చనిపోయారు. ఆ కేసులో అరెస్టయిన 121 మంది ఆదివాసులను 2022 జూలైలో కోర్టు నిర్దోషులని విడుదల చేసింది. అప్పటికి వాళ్లు ఐదేళ్లు జైల్లో గడిపారు.

తర్వాత క్యాంపులు పెరిగాయి, రోడ్డు పూర్తయింది. 2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని తుడిచిపెడతామని కేంద్రం గడువు ప్రకటించింది. అదే వేగంతో పర్యాటకం మాట కూడా వినపడుతోంది. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలకు ఇప్పటికే తెలుగు రాష్ట్రాల నుంచి కుటుంబాలు కార్లలో వెళ్తున్నాయి. 2025లో కాంగేర్ వ్యాలీ జాతీయ ఉద్యానం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

మూడు ప్రశ్నలు

డా నాంగ్ అనుభవం చింతలనార్ రోడ్డు ముందు మూడు ప్రశ్నలు పెడుతోంది.

ఒకటి, నేల. అడవి దారుల్లో మావోయిస్టులు పాతిన ప్రెషర్ బాంబులపై కాలుపెట్టి తునికాకుకు, ఇప్పపువ్వుకు వెళ్లిన గ్రామస్థులు, పిల్లలు చనిపోయారు. రోడ్డుకు రెండు పక్కలా తనిఖీ చేస్తే పర్యాటకుడికి చాలు. ఆదివాసికి అడవి మొత్తం కావాలి. ఎవరి అడుగుల కోసం నేలను శుద్ధి చేస్తారన్నదే తేడా.

రెండు, జ్ఞాపకం. తాడిమెట్లలో చనిపోయిన జవాన్లకు స్మారకం ఉండాలి. కాలిన మూడు ఊళ్లకూ ఉండాలి. బుర్కాపాల్ కేసులో పోయిన ఐదేళ్లకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఒక పక్షం మృతులనే గుర్తుపెట్టుకునే నేలలో శాంతి పైపైనే ఉంటుందని వియత్నాం కూడా చూపిస్తోంది.

మూడు, హక్కు. వియత్నాం రైతు దగ్గర లేనిది బస్తర్ ఆదివాసి దగ్గర, కనీసం కాగితం మీద, ఉంది. రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు, 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం భూమి, అడవి విషయాల్లో గ్రామసభకు అధికారం ఇచ్చాయి. తెలుగు నేల మీది అనంతగిరి గనుల వివాదంలో వచ్చిన 1997 నాటి సమత తీర్పు, ఏజెన్సీలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర కంపెనీలకు లీజుకివ్వకూడదని చెప్పింది. ఆ తీర్పు పుట్టిన కొండల్లోనే, అరకు చుట్టూ, బినామీ పేర్లతో రిసార్టులు లేస్తున్నాయన్న ఫిర్యాదులు ఆగలేదు. చట్టం ఉండటం వేరు, అమలు వేరు.

వేరే దారి ఉందనడానికి బస్తర్‌లోనే ఉదాహరణలున్నాయి. కాంగేర్ లోయలోని ధూడ్‌మారాస్ గ్రామస్థులే ఇళ్లలో అతిథులను ఉంచుకుంటారు, వాగు మీద వెదురు తెప్పలు నడుపుతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంచుకున్న 20 ఊళ్లలో అదొకటి. అదే జాతీయ ఉద్యానంలోని గుడియాపదర్‌కు 2022లో సామూహిక అటవీ వనరుల హక్కు దక్కింది. ముందు హక్కు, తర్వాత అతిథి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో డా నాంగ్ తీరం చెబుతుంది.

2021 మేలో, జగర్‌గుండా దాటాక వచ్చే సిల్గేర్‌లో, గ్రామసభను అడగకుండా క్యాంపు పెట్టారని వేల మంది ఆదివాసులు రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. తమకు ఆసుపత్రి కావాలి, బడి కావాలి, వాటికి సరిపోయే రోడ్డూ కావాలి, అయితే తమను అడగాలన్నది వాళ్ల వాదన. రేపు ఆ రోడ్డు మీద పర్యాటకుల బస్సు వెళ్లవచ్చు. ఆ బస్సు ఎక్కడ ఆగాలో, ఎన్ని బస్సులు రావాలో, అసలు రావాలో వద్దో చెప్పే అధికారం చింతలనార్ గ్రామసభకు ఉంటుందా అన్నదే అక్కడి శాంతికి అసలు పరీక్ష.