వాన వెలిశాక కూడా దూలం కుంగుతుందా..? పాత మిద్దెల్లో ఉండేవారు ఇది తెలుసుకోవాల్సిందే!

నల్గొండ జిల్లా మర్రిగూడ లాంటి చోట్ల పాత మట్టి మిద్దెలు, పెంకుటిళ్లలో తలెత్తి చూస్తే కొన్ని దూలాలు నడుమ కిందికి వంగి కనిపిస్తాయి. 'పాతబడింది కదా.. అంతే' అని చాలామంది వదిలేస్తుంటారు. కానీ కారణం వయసు ఒక్కటే కాదు.

అసలేం జరుగుతుంది?

కర్రపై బరువు పడగానే కాస్త వంగుతుంది. ఆ బరువు ఏళ్ల తరబడి అలాగే ఉంటే మెల్లమెల్లగా ఇంకా వంగుతూనే ఉంటుంది. దీన్నే ఇంజినీర్లు 'క్రీప్' అంటారు. దీనికి తేమ తోడైతే వంపు మరింత పెరుగుతుంది.

ఎండాకాలంలో కర్ర తనలోని నీటిని వదిలేస్తుంది, వానాకాలంలో మళ్లీ పీల్చుకుంటుంది. ఇలా నీరు వచ్చిపోయే ప్రతిసారీ లోపలి పోగుల మధ్య పట్టు సడలుతుంది. పైన బరువు ఉండటంతో అవి కొద్దిగా జరిగి, కొత్త చోట మళ్లీ బిగుసుకుంటాయి. తేమ ఒకేలా ఉన్న కర్ర కంటే తేమ మారుతూ ఉండే కర్రే ఎక్కువ వంగుతుందని 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ 'నేచర్' పత్రికలో వెల్లడించారు.

ఎండేటప్పుడే ఎక్కువ!

వానకు తడిసినప్పుడే దూలం కుంగుతుందని అనుకుంటాం. నిజానికి బరువు మోస్తున్న కర్ర ఆరేటప్పుడే ఎక్కువ కుంగుతుంది. మళ్లీ తడిస్తే కాస్త లేచినట్టు కనిపించినా, తర్వాత ఎండినప్పుడు ఇంకా కిందికి దిగుతుంది. బలం సంగతీ అంతే. కొన్ని నిమిషాల పాటు 100 కిలోలు మోయగల కర్రపై పదేళ్లు ఆగకుండా బరువు ఉంచాలంటే సుమారు 60 కిలోలే లెక్క.

ఏం చేయాలి?

* దూలం ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి, నడుమ ఎంత కిందికి దిగిందో కొలవండి. తేదీ వేసి రాసుకుని, ఎండాకాలం చివర, వానల తర్వాత మళ్లీ చూడండి.
* మిద్దె కురుస్తోందని పాత మట్టిపైనే ఏటా కొత్త మట్టి పోయొద్దు. తడిసిన మట్టి ఇంకా బరువెక్కుతుంది.
* కొత్త దూలం వేస్తే బాగా ఆరిన కలపే వాడాలి. పచ్చి కర్ర బరువు కింద ఆరితే బాగా వంగిపోతుంది.
* గోడలో దిగిన చివరలు మెత్తబడ్డాయా, చెదలు పట్టాయా చూడాలి.

వంగిన ప్రతి దూలం విరుగుతుందని కాదు. అయితే కొత్తగా పగుళ్లు వచ్చినా, కిర్రుమని చప్పుడైనా, పైనుంచి మట్టి రాలుతున్నా ఆ గదిలో పడుకోవద్దు. వెంటనే అనుభవమున్న మేస్త్రీకి చూపించి, దూలం కింద గట్టి గుంజ ఆసరా పెట్టించండి.