కమీషన్ కొట్టు నుంచి చర్చల తరగతికి

మిర్చి ధర ఎందుకు పడిందని గుంటూరు యార్డులో అడిగితే, రాబడులు పెరిగాయనో, ఎగుమతి గిరాకీ లేదనో, శీతల గిడ్డంగుల్లో పాత నిలవలు ఎక్కువగా ఉన్నాయనో చెబుతారు. మూడూ నిజమే కావచ్చును. అదే ప్రశ్న హైదరాబాదులోని ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం తరగతికి వచ్చినప్పుడు గంటన్నర సేపు వాదన నడిచింది. చివరకు తేలిన విషయం మన వర్తకులకు తెలియనిది కాదు. కాగా, దానిని పదిమంది ఎదుట పైకి చెప్పవలసి రావడం మాత్రం కొత్తే.

ఆ తరగతిలోని ఒక విద్యార్థి తండ్రి గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు నడుపుతున్నారు. తాతగారు పెట్టిన కొట్టు అది. కుర్రవాడు శ్రీనగర్ కాలనీలో, సత్యసాయి నిగమాగమం దగ్గరలో, మరో ఇద్దరితో కలిసి గది తీసుకొని చదువుకొంటున్నాడు. పేరు వేయవద్దని కోరాడు. ఎందుకో మున్ముందు పాఠకులకే అర్థమవుతుంది.

ఈ తరగతిలో ఉపన్యాసం లేదు, నోట్సు చెప్పడం అంతకన్నా లేదు. వారం ముందు చదవవలసిన పేజీలు ఇస్తారు. తరగతిలో అధ్యాపకుడు ఒక ప్రశ్న వేసి కూర్చొంటాడు. మాట్లాడవలసింది విద్యార్థులు. మాట్లాడినందుకు, ఎదుటివారి మాటను విని జవాబు చెప్పినందుకు కూడా మార్కులుంటాయి. బి.కాం. చదివిన మూడేళ్ళూ చెప్పిన నోట్సు రాసుకొని, పరీక్షలో దించి వచ్చిన నావంటివారికి ఇది వింతగానే ఉంటుంది. గిరాకీ, సరఫరా రేఖలు మేమూ గీశాము. ఆ రెండు గీతలూ కలిసేచోట నిలబడి ఉండే మనిషి ఎవరని మమ్మల్ని ఎవరూ అడగలేదు.

నగరానికి చర్చా పద్ధతి కొత్తది కాదు. 1956లో ఏర్పాటైన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇంగ్లండులోని హెన్లీ కాలేజీ బాటలో అధికారులను, కంపెనీల మేనేజర్లను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి సమస్యల మీద వాదింపజేసింది. శ్రీనగర్ కాలనీకి పక్కనే ఉన్న నాగార్జునా హిల్స్ చిరునామాతో పేరు పొందిన ఇక్ఫాయ్ సంస్థ 1995లో బిజినెస్ స్కూలు పెట్టి, కంపెనీల వాస్తవ గాథలనే పాఠాలుగా చెప్పింది. అయితే అక్కడికి వచ్చేవారు ఉద్యోగాలు చేస్తున్నవారు, లేదా పై చదువుల వారు. పంతొమ్మిదేళ్ళ కుర్రకారును అర్థశాస్త్రం మీద నోరు విప్పమనడం వేరు సంగతి.

మొదటి నెలంతా మన విద్యార్థి నోరు విప్పలేదట. ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన నలుగురైదుగురే మాట్లాడేవారు. అధ్యాపకుడు తెలుగులో మాట్లాడవచ్చునని చెప్పిన తర్వాత కూడా మొహమాటం పోలేదు. అది పోయింది ఒక ఆటతో.

ఆట ఇది. సగం మంది అమ్మకందారులు, సగం మంది కొనుగోలుదారులు. ప్రతివారికీ ఒక చీటీ ఇస్తారు. అమ్మేవాని చీటీలో ఇంతకు తగ్గితే నష్టమన్న అంకె, కొనేవాని చీటీలో ఇంతకు మించితే గిట్టదన్న అంకె ఉంటాయి. ఒకరి చీటీ మరొకరికి చూపరాదు. ఉదాహరణకు 9 వేల చీటీ ఉన్న అమ్మకందారునికి 14 వేల చీటీ ఉన్న కొనుగోలుదారుడు తగిలితే, ఆ మధ్యలో ఎక్కడైనా బేరం తెగవచ్చును.

హార్వర్డ్ ఆచార్యుడు ఎడ్వర్డ్ చేంబర్లిన్ తరగతిలో ఇటువంటి ఆట ఆడించి, ఫలితాలను 1948లో ప్రకటించాడు. విద్యార్థులు గదిలో తిరుగుతూ ఇద్దరిద్దరుగా గుసగుసగా బేరమాడారు. ధరలు తలోదారి పట్టాయి. సిద్ధాంతం చెప్పిన ధర రాలేదు గనుక సిద్ధాంతంలోనే లోపమున్నదని ఆయన భావించాడు. హార్వర్డులో చదువుకొనే రోజుల్లో ఆ ఆటలో కూర్చున్న వెర్నన్ స్మిత్, 1956 జనవరిలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల చేత అదే ఆట మరో విధంగా ఆడించాడు. బేరం గుసగుసగా కాక అందరికీ వినబడేలా కేకవేసి చెప్పాలన్నాడు. ఒకే ఆటను మళ్ళీ మళ్ళీ ఆడించాడు. రెండు మూడు విడతలకే ధర సిద్ధాంతం చెప్పినచోటికి చేరుకొన్నది. 1962లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

తువ్వాలు కింద వేళ్ళు పట్టుకొని ధర చెప్పుకొనే బేరానికీ, బహిరంగ వేలానికీ తేడా తెలిసిన వర్తకులకు దీనికోసం పర్డ్యూ దాకా వెళ్ళనక్కర లేదు. మన విద్యార్థికీ అదే అనిపించింది. చిన్నప్పటి నుంచి యార్డులో టిక్కీల మధ్య తిరిగినవాడు గనుక ఆటలో అందరికన్నా లాభం అతనికే వచ్చిందట. తొందరపడకుండా కూర్చొని, ఎదుటివాని గొంతులోని ఆత్రం పట్టుకోవడమే కిటుకు అంటాడు. కొట్లో నేర్చిన విద్యే అది.

ఆ తర్వాతి వారాల్లో ఒకనాడు సాలెగూడు సిద్ధాంతం చర్చకు వచ్చింది. దానికి ఆ పేరు పెట్టినది నికొలస్ కాల్డార్, 1934లో. ఈ ఏడు ధర బాగుంటే రైతు పై ఏడు ఎక్కువ విస్తీర్ణంలో వేస్తాడు. పంట వెల్లువెత్తి ధర కూలుతుంది. ఆ మీదటి ఏడు విత్తు తగ్గుతుంది, ధర మళ్ళీ లేస్తుంది. కాగితం మీద గీస్తే సాలెగూడులా కనిపిస్తుంది. మిర్చికి ఇంతకన్నా సరిపోయే బొమ్మ లేదు. 2016లో ధర చూసి రైతులు విరగబడి వేశారు. 2017 ఏప్రిల్ నెలాఖరుకు ఖమ్మం యార్డులో రైతుల కడుపు మంట ఎంతవరకు వెళ్ళిందో అందరికీ గుర్తే. కేంద్రం క్వింటాలు 5 వేలకు మార్కెట్ జోక్యం పథకం ప్రకటించవలసి వచ్చింది. 2023 సీజనులో తేజ రకం 20 వేలు దాటి పలికింది. 2025 ఫిబ్రవరికి వచ్చేసరికి మళ్ళీ అదే పథకం, ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలు 11,781 రూపాయల లెక్కన, 2.54 లక్షల టన్నుల పరిమితితో.

తరగతిలో ఒకరు రైతు అమాయకుడన్నారు, నిరుటి ధర చూసి మోసపోతాడన్నారు. మరొకరు సమాచారం లేకపోవడమే కారణమనీ, సెల్ ఫోనులో ధరలు అందితే సరిపోతుందనీ అన్నారు. అప్పుడు మన విద్యార్థి మొదటిసారి లేచాడు. తమ కొట్టుకు వచ్చే రైతు ఎన్ని ఎకరాలు వేయాలన్నది నిరుటి ధర ఒక్కటే చూసి నిర్ణయించుకోడనీ, పెట్టుబడికి ఎంత అడ్వాన్సు పుడుతుందో కూడా చూస్తాడనీ చెప్పాడు. ధర బాగున్న ఏడు కమీషన్ కొట్ల చేతిలో డబ్బు ఆడుతుంది, అడ్వాన్సులు ధారాళంగా వెళతాయి. విస్తీర్ణం పెరిగేది ధర వల్ల ఎంతో, ఆ డబ్బు వల్ల అంత. రైతుతోపాటు అడ్వాన్సు ఇచ్చినవాడూ నిరుటి ధరే చూశాడన్నమాట. మరి అమాయకుడు ఒక్క రైతేనా?

తరగతి కాసేపు నిశ్శబ్దమైపోయిందట. బోర్డు మీది బొమ్మలో అడ్వాన్సుకు చోటు ఎక్కడని అధ్యాపకుడు అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. మర్నాడు ఆట మళ్ళీ ఆడించారు. ఈసారి కొందరు అమ్మకందారుల చీటీల్లో అదనంగా ఒక వాక్యం ఉన్నది: ఫలానా కొనుగోలుదారునికి నీవు బాకీ, అతనికే అమ్మాలి. వారికి మిగతావారికన్నా తక్కువే దక్కింది.

ఇక్కడ మన పాఠకుల్లో చాలామంది అభ్యంతరం చెబుతారు. విద్యార్థి ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు తండ్రిగారూ అదే అన్నారు. కమీషన్ వ్యాపారి కొనేవాడు కాదు, రైతు తరపున అమ్మిపెట్టేవాడు. ధర పెరిగితే కమీషనూ పెరుగుతుంది. మరి రైతు ధర తగ్గించి అతడేమి బావుకొంటాడు? న్యాయమైన ప్రశ్నే. కుర్రవాడు దానిని అలాగే తరగతికి పట్టుకుపోయాడు. మూడోసారి చీటీలు మార్చారు. బాకీ ఉన్నవాడు ఎవరికైనా అమ్మవచ్చును, కాని మొదటి విడతలోనే అమ్మి తీరాలి, ఆగడానికి వీల్లేదు. ఈసారి ఫలితం సూటిగా రాలేదు. మొదటి విడతలో ధర ఇంకా కుదురుకోదు గనుక కొందరికి తక్కువ వచ్చింది, ఒకరిద్దరికి ఎక్కువే వచ్చింది. ధర ఎప్పుడూ తగ్గుతుందని అనడానికి లేదు. పోయినది ఆగే వీలు. మొదటి ఆటలో తనకు లాభం తెచ్చిపెట్టినది సరిగ్గా అదేనని అప్పుడు గుర్తుకు వచ్చిందని అతడు చెప్పాడు.

ఈ అప్పూ అమ్మకమూ కలిసిపోవడాన్ని పండితులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. క్లైవ్ బెల్, టి.ఎన్. శ్రీనివాసన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్, బీహార్, పంజాబ్ గ్రామాల్లోని ఇటువంటి ముడిపడిన లావాదేవీల మీద 1989లో పత్రం ప్రకటించారు. తరగతికి ఇచ్చిన పేజీల్లో అదీ ఉన్నది. శ్రీనగర్ కాలనీలో ఉంటూ ఇది మిర్చికి మాత్రమే పరిమితమని అనుకోవడానికీ వీల్లేదు. ఆ చుట్టుపక్కల వీధుల్లో సినిమా నిర్మాణ సంస్థల కార్యాలయాలున్నాయి. సినిమా పూర్తికాకముందే నైజాం, సీడెడ్, గుంటూరు అంటూ ఏరియాల వారీగా అడ్వాన్సులు తీసుకొని, ఆ డబ్బుతో తీసి, విడుదల తేదీకి కట్టుబడి ఉండేవారూ ఒక విధంగా ఆగలేనివారే. ఈ పోలిక తెచ్చినది ప్రొడక్షన్ ఆఫీసులో పనిచేసే గది మిత్రుడు.

అసలు పరీక్ష సెమిస్టరు చివర వచ్చింది. యార్డు వెలుపల కొనుగోళ్ళకు వీలు కల్పిస్తూ 2020లో కేంద్రం తెచ్చి, 2021 చివరలో రద్దు చేసిన చట్టం మీద చర్చ. కమీషన్ వ్యాపారి ఉండాలా, పోవాలా అన్నది ప్రశ్న. ఎవరు ఏ పక్షమో అధ్యాపకుడే చెప్పాడు. కావాలనే చేసినట్టున్నది: కమీషన్ కొట్టు కుర్రవానికి, పోవాలి అని వాదించే పక్షం వచ్చింది. ఖమ్మం జిల్లా రైతు కుటుంబం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి, ఉండాలి అనే పక్షం.

ఆ అమ్మాయి వాదన గట్టిదని అతడే ఒప్పుకొంటాడు. బ్యాంకు అప్పు పట్టా చూసి ఇస్తుంది. కౌలు రైతుకు పట్టా ఉండదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చినా అందరికీ అప్పు అందలేదు. అర్ధరాత్రి ఆసుపత్రి ఖర్చు వస్తే ఫోను ఎత్తేది కమీషన్ కొట్టు ఆయనే. ఆయన్ని తీసేస్తే ఆ చోట ఎవరు నిలబడతారో చెప్పమని ఆమె అడిగింది.

కుర్రవాడు తన కొట్టు లెక్కల నుంచే జవాబు చెప్పాడు. సరకు అమ్మిన రోజున రైతు చేతికి వెళ్ళే చీటీలో అమ్మకం సొమ్ము, కమీషను, హమాలీ, అడ్వాన్సు, దాని వడ్డీ అన్నీ కలిసి కడపట ఒక్క అంకె మిగులుతుంది. సరకుకు ఏ ధర వచ్చిందో, డబ్బుకు ఏ ధర కట్టాడో రైతు విడదీసి చూసుకోవడం కష్టం. రెండు వ్యాపారాలు ఒకే చీటీలో నడుస్తున్నప్పుడు ఏది లాభమో ఇచ్చేవానికి తెలుస్తుంది, పుచ్చుకొనేవానికి తెలియదు అన్నాడు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదట. తాతగారి నాటి నుంచి ఇంట్లో అన్నం పెట్టినది ఆ చీటీయే.

ఈ చదువులో లోపాలు లేకపోలేదు. సెమిస్టరు అయ్యేసరికి పాఠ్య ప్రణాళికలో సగం కూడా పూర్తి కాలేదు. ద్రవ్య విధానం, అంతర్జాతీయ వాణిజ్యం ఇంట్లో కూర్చొని చదువుకోవలసిందే. మాటకారులకు మార్కులు తేలికగా పడతాయి. విషయం తెలిసీ మాట్లాడలేనివారు వెనుకబడతారు. చీటీల ఆటలో నష్టపోయినవాడు గంట కాగానే క్యాంటీనుకు వెళ్ళిపోతాడు. యార్డులో నష్టపోయినవానికి అటువంటి గంట లేదు. అయినా, ఒక వర్తకుని కొడుకు చేత తన కొట్టు లెక్కను ఎదుటి పక్షం నుంచి చదివించిన తరగతిని తీసిపారేయడానికి నాకు మనసొప్పడం లేదు.

పండుగకు ఇంటికి వెళ్ళినప్పుడు అతడు తండ్రిగారిని ఒకటే అడిగాడు: అడ్వాన్సు లెక్కకు ఒక చీటీ, అమ్మకానికి ఒక చీటీ, విడివిడిగా ఇద్దామని. ఆయన వెంటనే కాదనలేదు. అలా ఇస్తే రైతు వడ్డీ చూసి పక్క కొట్టుకు పోతాడనీ, పక్క కొట్టులో వడ్డీ ఇంతకన్నా ఎక్కువేననీ, అది తెలిసేలోగా తమకు సీజను పోతుందనీ అన్నారు. అందరు కమీషన్ వ్యాపారులూ ఒకేసారి ఇస్తే ఇబ్బంది లేదు, ముందు ఇచ్చినవానికే దెబ్బ. ఆ మాటలో ఉన్న అర్థశాస్త్రం తరగతిలో చెప్పినదానికి తీసిపోదని కుమారుడే అంటాడు.

చివరకు తండ్రిగారు ఒక మాట ఇచ్చారు. కొత్త సరకు రావడం మొదలయ్యాక సెలవు పెట్టి వచ్చి సీజనంతా గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నారు. పాత ఖాతా ఉన్న పదిమంది రైతులకు రెండు చీటీలు అతనినే రాసి ఇవ్వమన్నారు. వారిలో ఎందరు పై ఏడు తిరిగి తమ కొట్టుకే సరకు తెస్తారో చూసి మిగతా సంగతి మాట్లాడుకొందామన్నారు. ఆ పది పేర్లు ఎవరివో ఎంచే పని మాత్రం ఆయనే పెట్టుకొన్నారు.