చొక్కా మీద చుక్కల రంగులు

తెల్లని నూలు చొక్కాపై అచ్చయిన మామిడిపండు బొమ్మను భూతద్దంతో చూస్తే, అందులో నారింజరంగు ఎక్కడా కానరాదు. పసుపు చుక్కలు, మాజెంటా చుక్కలు, అవి ఒకదానిపై నొకటి పడినచోట ఎరుపు - ఇంతే. నారింజను కల్పించుకొనేది మన కన్ను.

సయాన్ సిరా ఎరుపు కాంతిని, మాజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని పీల్చుకొంటాయి. మిగిలిన కాంతిని తెల్లగుడ్డ తిప్పిపంపుతుంది. నల్లచొక్కాకు ఆ శక్తి లేదు గనుక ముందుగా తెలుపు పూత వేయవలసి ఉంటుంది. నాలుగవ సిరా నలుపు నీడలకు.

అయితే, కొత్తగా నేర్చుకొనేవారిని ఏడిపించేది రంగు కాదు, వల. సిరా దిగేది చట్రానికి బిగించిన సన్నని పాలియెస్టరు వలలోనుంచి. రెండు దోమతెరలను ఒకదానిపై నొకటి పరచి చూడండి: అలలవంటి చారలు కనబడతాయి. చుక్కల వరుసలకూ వలపోగులకూ పొత్తు కుదరకపోతే చొక్కా మీదా అవే చారలు పడతాయి. వీటిని మొయరే అంటారు. అంగుళానికి 55 చుక్కల వరుసలుంటే పోగులు 230కి తగ్గరాదు. వరుసలు పోగులకు కొంత వాలుగా ఉండవలె. చారలు ఒక్క రంగులోనే కనబడితే దోషం వలది. రంగులన్నీ పడ్డాకనే కనబడితే కోణాలది: సయాన్, మాజెంటా, నలుపు వరుసల నడుమ 30 డిగ్రీల చొప్పున ఎడం ఉండవలె.

ఇంకొక చిక్కు. నూలుపై పడిన చుక్క కొంత వ్యాపిస్తుంది, బొమ్మ ముదురుతుంది. అందుచేత ఫిల్ములోనే చుక్కను కాస్త చిన్నదిగా ఉంచుతారు.